తాలింపు వేస్తూ నేర్చుకున్న ఇంగ్లీషు
వంటింటి గట్టు మీద ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. రోజుకు 5 ఇంగ్లీషు వాక్యాలు. తాలింపు వేస్తూ పైకి చదువుకుంటాను. పేజీల అంచులకు పసుపు అంటుకుంది.

మాటలు త్వరగానే వస్తున్నాయి, వాక్యం దగ్గరే ఆగిపోతున్నా. మనకి ‘నాకు’ ఆకలేస్తుంది, ‘నాకు’ జ్వరం వచ్చింది, ‘నాకు’ ఇద్దరు అన్నయ్యలు. అన్నిటికీ ఆ ఒక్క ‘నాకు’ చాలు. వాళ్లకి ఒకచోట ‘ఐ యామ్ హంగ్రీ’, ఇంకోచోట ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అని ఎన్నేళ్లు అన్నానో! అక్కడ ఉత్త ‘హ్యావ్’ చాలట. అన్నయ్యకీ తమ్ముడికీ ఒకటే మాటేమిటో, అది మాత్రం ఇంకా మనసుకి ఎక్కలేదు.

నిన్న మా అమ్మాయి “అమ్మా, బ్యాండికూట్ అంటే తెలుసా?” అంది. తెలీదన్నాను. “మన పందికొక్కే! తెలుగులోంచే ఇంగ్లీషులోకి వెళ్లింది” అంటూ డిక్షనరీ తెరిచి చూపించింది. అక్కడున్న ‘తెలుగు’ అన్న మాట మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను.

బ్రాడీపేటలో మా బ్యాంకుకి కొత్తగా వచ్చిన మేనేజరు గారికి తెలుగు రాదు. సోమవారం వెళ్లాలి. “కుడ్ యూ ప్లీజ్ అప్‌డేట్ మై పాస్‌బుక్?” పుస్తకం చూడకుండానే వచ్చేస్తోంది.