ఈయాసా ఎయిర్ లా: రెండో అటెంప్ట్‌లో 93

నిన్న సాయంత్రం ఈయాసా (యూరప్ విమానయాన భద్రతా సంస్థ) పరీక్ష రిజల్ట్ వచ్చింది. ఎయిర్ లా (విమానయాన చట్టం) పేపర్‌లో 93. దీంతో ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్స్) 13 పేపర్లూ పూర్తయ్యాయి. అమ్మకు ఫోన్ చేసి చెబితే కాసేపు అటునుంచి మాటే రాలేదు.

మొదటిసారి ఇదే పేపర్‌లో 70 దగ్గర ఆగిపోయాను. పాస్ మార్కు 75. మన డీజీసీఏ (భారత విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలో అయితే 70తో గట్టెక్కేదాన్ని. "అది బట్టీ పేపర్, చివరి వారంలో చూసుకోవచ్చు" అన్న సీనియర్ల మాట నమ్మాను. అందుకే మిగతా పేపర్ల సంగతి పక్కనపెట్టి దీని గురించే రాస్తున్నాను.

అప్పట్లో నా గది గోడ నిండా పసుపు చీటీలు. 90 రోజులు, 12 నెలలు, 60 ఏళ్లు, 65 ఏళ్లు. మెడికల్ (పైలట్ ఆరోగ్య సర్టిఫికేట్) చీటీ మీద "40 దాటితే 6 నెలలు" అని రాసుకున్నాను. పరీక్ష ప్రశ్నలు బయటపెట్టకూడదు కాబట్టి అలాంటిదే ఒకటి నేనే కల్పించి చెబుతాను. 41 ఏళ్ల పైలట్, వృత్తి పైలట్లకు కావాల్సిన క్లాస్ 1 మెడికల్ ఉంది, విమానంలో ఒక్కడే కూర్చుని కిరాయికి పార్సిళ్లు చేరవేస్తాడు. మెడికల్ ఎన్ని నెలలు చెల్లుతుంది? నా చీటీ ప్రకారం 6. సరైన జవాబు 12. ఎందుకంటే 40 దాటినవాళ్లకు 6 నెలలు అనే నిబంధన సింగిల్ పైలట్‌గా, కమర్షియల్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్‌లో, ప్రయాణికులను తీసుకెళ్లేవాళ్లకే. 60 దాటితే మాత్రం క్లాస్ 1 ఉన్న అందరికీ 6 నెలలే. నేను అంకె గుర్తుపెట్టుకుని షరతులు వదిలేశాను.

ఫెయిలైన రాత్రి నిద్ర పట్టలేదు. లేచి పార్ట్-ఎఫ్‌సీఎల్ (ఈయాసా పైలట్ లైసెన్స్ నియమాలు) తెరిచి, ఎఫ్‌సీఎల్.010లో ఉన్న నిర్వచనాలు మొదటి నుంచి చదివాను. రివాలిడేషన్ అంటే రేటింగ్ (ఫలానా రకం విమానం నడపడానికో, ఫలానా పని చేయడానికో లైసెన్స్‌లో ఉండే అనుమతి) గడువు లోపల చేసేది, రెన్యూవల్ అంటే గడువు తీరాక చేసేది. మనం మాటల్లో రెండింటినీ "రెన్యూవల్" అనేస్తాం, అక్కడే మార్కులు పోతాయి. స్కిల్ టెస్ట్ లైసెన్స్ లేదా రేటింగ్ కొత్తగా పొందడానికి, ప్రొఫిషియెన్సీ చెక్ ఉన్నదాన్ని నిలుపుకోవడానికి లేదా మళ్లీ తెచ్చుకోవడానికి.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టింది మల్టీ పైలట్. మల్టీ పైలట్ ఏరోప్లేన్ అంటే కనీసం ఇద్దరు పైలట్లు ఉండాలని సర్టిఫికేషన్‌లోనే ఉన్న విమానం. మల్టీ పైలట్ ఆపరేషన్ అలా కాదు, సింగిల్ పైలట్ విమానంలో కూడా జరగొచ్చు. కింగ్ ఎయిర్ 200 అనే చిన్న విమానాన్ని ఒక్కరే నడపొచ్చు. ఇద్దరు తప్పనిసరి అయిన ఆపరేషన్‌లో ఎంసీసీ (పైలట్లు పని పంచుకుని కలిసి నడిపే) పద్ధతిలో నడిపితే అది మల్టీ పైలట్ ఆపరేషనే. ఏటీపీఎల్ లైసెన్స్‌కు కావాల్సిన 500 గంటల నిబంధనలో ఉన్నది ఈ రెండో మాటే, మల్టీ పైలట్ ఆపరేషన్. ఇది తట్టాక పేపర్ మొత్తం వేరేగా కనిపించింది.

65 నిండితే పైలట్‌గా పనిచేయకూడదనే నిబంధన కూడా అంతే. అది కమర్షియల్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్‌కే, అంటే ప్రతిఫలానికి ప్రయాణికులను, సరుకును, ఉత్తరాలను మోయడానికే. 66 ఏళ్ల ఇన్‌స్ట్రక్టర్ మెడికల్, సర్టిఫికేట్ సరిగా ఉంటే విద్యార్థికి నేర్పొచ్చు. ఇంకో మెట్టు వెనక్కి వెళితే, సైన్యం, పోలీసు, కస్టమ్స్ పనుల్లో ఉన్న విమానాలు 2018/1139 అనే ఈయూ విమానయాన నియమావళి పరిధిలోకే రావు.

క్వశ్చన్ బ్యాంక్ వద్దనడం లేదు, నేనూ రోజుకు వంద చేశాను. కానీ తప్పు పోయిన ప్రతిదానికీ అసలు ఆర్టికల్ తెరిచి ఎవరికి, ఏ పనికి, ఎప్పుడు అనే మూడు చోట్లా గీత గీశాను. తెల్లవారుజామున 5కి లేచి, ఫోన్ పక్కగదిలో పెట్టి, ఆరు వారాలు. టైమ్ లేదనేవాళ్లకు చెబుతున్నాను, పేపర్‌కు నాలుగే అటెంప్ట్‌లు, అన్ని పేపర్లకూ కలిపి 18 నెలలు. ఒకటి పోగొట్టుకున్నాక టైమ్ దానంతటదే దొరికింది నాకు.

చదివేది ఈయాసా సైట్‌లో ఉచితంగా దొరికే ఈజీ యాక్సెస్ రూల్స్ అయితే మంచిది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు మొదటి పేజీలో తేదీ చూడండి. సీనియర్లు ఇచ్చే పాత పీడీఎఫ్‌లలో మారిపోయిన నిబంధనలు అలాగే ఉంటాయి.