డిడ్జెరిడూ: స్వరం ఒకటే, లయ మాత్రం బోలెడు

డిడ్జెరిడూ అనే పొడవాటి ఊదే గొట్టపు వాద్యాన్ని కొత్తగా విన్నవాళ్లు దాన్ని శ్రుతి వాద్యం అనుకుంటారు. అడుగున ఒకే స్వరం గుమ్మని సాగిపోతుంటే అలా అనిపించడం సహజమే. వాయించడం నేర్చుకుంటున్నకొద్దీ నాకు గట్టిగా తెలిసొచ్చిందేమిటంటే, ఇది పక్కా లయ వాద్యం. స్వరం దాదాపు కదలదు. కదిలేదంతా నాలుక, బుగ్గలు, పొట్ట.

ప్రస్తుతం నా దగ్గరున్నది పీవీసీ గొట్టం. నోరు ఆనించే చోట తేనెమైనం చుట్టుకున్నాను. నేర్చుకోవడానికి ఇది హాయిగా సరిపోతుంది. అసలు వాద్యం మాత్రం ఉత్తర ఆస్ట్రేలియాది. అక్కడ ఆర్న్‌హెమ్ ల్యాండ్ ఈశాన్య ప్రాంతపు యోల్ంగు అనే ఆదివాసీ ప్రజలు దీన్ని యిడాకి అంటారు. యూకలిప్టస్ చెట్టు నిలువునా ఉండగానే చెదలు లోపలి చేవను తినేస్తాయి. తయారీదారులు అడవిలో తిరుగుతూ మానును తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల ఎంత డొల్ల ఉందో పోల్చుకుంటారు. చెదలు తిన్న దారి ఏ రెండు చెట్లలోనూ ఒకేలా ఉండదు కాబట్టి ఏ రెండు యిడాకిలూ ఒకేలా పలకవు.

పెదాలను వదులుగా ఉంచి అదిరిస్తే స్వరం పుట్టేస్తుంది. అక్కడి నుంచే అసలు పని. ఊపిరి తీసుకోవడానికి ఆపితే పాట తెగిపోతుంది, అందుకని బుగ్గల నిండా గాలి పట్టి ఉంచాలి. ఆ గాలిని బుగ్గలతోనూ నాలుకతోనూ బయటికి నెడుతూ, అదే క్షణంలో ముక్కుతో చటుక్కున లోపలికి పీల్చాలి. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఆగకుండా ఊదడమే దీనికి తొలి సాధన. ముక్కుతో పీల్చేటప్పుడు బుడగలు సన్నబడతాయి గానీ ఆగకూడదు. ఆ ఒక్కటీ పట్టుబడితే గొట్టం మీద చాలావరకు దారి తెరుచుకున్నట్టే.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. గాలి పీల్చే ఆ క్షణంలో నాదం రంగు మారుతుంది. బాగా వాయించేవాళ్లు ఆ మార్పును దాచరు, దాన్నే ఒక దెబ్బగా తాళంలో కలిపేస్తారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో లయే చెబుతుంది, ఊపిరి తీసుకోవడమే లయ అవుతుంది. ఇది అర్థమైన రోజు నేను గొట్టం కింద పెట్టలేకపోయాను.

నోటి లోపలి ఆకారం ఇంత ప్రభావం ఎలా చూపిస్తుందో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు కొలిచి, 2005లో నేచర్ పత్రికలో రాశారు. నోరు, గొంతు కలిసి కొన్ని పౌనఃపున్యాలను అణిచేస్తాయి. అణగకుండా మిగిలినవే మన చెవికి ప్రస్ఫుటంగా వినిపిస్తాయి. నాలుకను పైకెత్తి ‘ఈ’ ఆకారంలో పెడితే ఒక రంగు, ‘ఊ’ అంటే ఇంకో రంగు. వీటికి తోడు గొంతుతో కూడా పలికితే పెదాల అదురూ గొంతూ కలిసి కొత్త ధ్వనులు పుడతాయి. కూకబుర్రా పక్షి అరుపు, డింగో అనే అక్కడి అడవి కుక్క కూత వినిపించేది అలాగే.

స్విట్జర్లాండ్‌లో నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉన్న 25 మందితో ఒక అధ్యయనం చేశారు. నాలుగు నెలలు దీన్ని సాధన చేసినవాళ్లకు పగటి మగత తగ్గిందట. మంచిదే. నేను వాయించేది మాత్రం నాదం కోసమే.

యోల్ంగు వేడుకల్లో యిడాకి ఒంటరిగా మోగదు. గాయకుడు బిల్మా అనే తాళపు కర్రలు కొడుతూ పాడతాడు, యిడాకి అతన్ని అనుసరిస్తుంది. ఆ పాటలు ఆయా వంశాలవి, ఆచారాల్లో యిడాకి వాయించేది మగవాళ్లే. వాటిని చెవులప్పగించి వింటాను కానీ నా గొట్టం మీదికి తెచ్చుకోను. నా సాధనకు నా సొంత దరువులు కట్టుకుంటున్నాను. చెక్క వాద్యం కొనే రోజు వస్తే, యోల్ంగు ఊరైన యిర్కాలాలోని బుకు-లార్న్‌గాయ్ ముల్కా లాంటి అక్కడి సమాజమే నడిపే కళాకేంద్రం నుంచి, చేసినవారి పేరు తెలుసుకునే కొంటాను.