దబ్బనం సంచీలో వేసుకుని కడపకి

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కడపలో దింపేసరికి ఇంకా తెల్లవారలేదు. సంచీలో బట్టల అడుగున నా సామాను ఉంది. రెండు దబ్బనాలు, సూదులు, మైనం ముద్ద, దారం ఉండలు, ఇనుప స్కేలు, అట్టలు కోసే కత్తి. హైదరాబాద్‌లో ఒక ప్రెస్సులో 31 ఏళ్లు బైండింగ్ పని చేశాను. రిటైరయ్యాక ఏడాదిన్నర పాటు వాటిని ముట్టుకోలేదు. పొద్దున ప్రెస్సు టైముకే మెలకువ వచ్చేది. లేచి చేసేదేమీ ఉండేది కాదు. చదివేసిన పేపర్నే మళ్లీ మడతపెట్టి, అంచులు సరిచేసి పెట్టేవాణ్ణి.

మా మేనకోడలు ఒంటిమిట్ట వైపు ఒక ఊళ్లో హైస్కూలు టీచరు. "లైబ్రరీ పుస్తకాలు ఊడిపోతాంటే కట్టలు కట్టి పెట్టినాం మామా, పిల్లోళ్లకు ఇయ్యాలంటే భయం" అని ఫోన్‌లో ఏదో మాటల మధ్య అంది. ఆ రాత్రే టికెట్ తీయించాను.

దిగింది శనివారం. ఎర్రకారం పూసిన దోసె తిని, ఆమె వచ్చేలోపు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లాను. ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న చోటే అది. ఆ స్థలంలో గ్రంథాలయం నిలబడాలని జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగారు. 1820లో ఉద్యోగం మీద కడపకొచ్చిన బ్రౌన్ పండితుల్ని పెట్టుకుని, సొంత జీతంలోంచి వాళ్లకు డబ్బులిచ్చి, తాటాకుల్లో ఉన్న కావ్యాలను కాగితం మీదికి ఎక్కించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించాడు. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. నా ఆలోచన మాత్రం వేరే చోటికి పోయింది. రాయించిన ఆ ప్రతులను బైండు కూడా చేయించాడు కదా, ఆ కుట్లు వేసిన చేతులు ఎవరివో అనుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను.

ఆదివారం ఒంటిమిట్ట. ఒకే శిలలో ఉన్న సీతారామలక్ష్మణులను చూశాక నాకు వావిలికొలను సుబ్బారావు గారి సంగతి గుర్తొచ్చింది. అంత చదువుకున్న మనిషి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడుగా చేసినాయన, ఈ గుడి కోసం చేతిలో టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కున్నాడు. గుడి అరుగు మీద కూర్చుని మేనకోడలికి ఇదే చెబుతూ ఉండిపోయాను.

సోమవారం బడి. కడప బండలు పరిచిన వరండాలో పుస్తకాలు గుట్టగా పోశారు. లెక్కపెడితే 140. కొన్నింటికి అట్ట లేదు, కొన్నింటికి మొదటి ఫారమే, అంటే మడిచి కుట్టే కాగితాల మొదటి కట్టే, లేదు. మైదాపిండిలో మైలుతుత్తం కలిపి జిగురు ఉడికించాను. పురుగు పట్టకుండా ఉండాలంటే అది వేయాల్సిందే. విషం కాబట్టి ఆ గిన్నె దగ్గరికి పిల్లల్ని రానివ్వలేదు. కుట్టు పని మాత్రం వాళ్ల చేత చేయించాలని ముందే అనుకున్నాను. నేనొక్కణ్ణే కూర్చుంటే అన్నీ అయిపోయేవేమో, కానీ నేను రైలెక్కాక ఇంకో పుస్తకం చిరిగితే?

దారాన్ని మైనం మీద రెండుసార్లు లాగాలి, అప్పుడు ముడి జారదు. ఫారాన్ని మధ్యకి తెరిచి, మడత మీద దబ్బనంతో చిల్లులు పొడవాలి. సూది లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి. రెండో ఫారం దాని మీద పెట్టి, చివర కిందిదానితో ముడేయాలి. దారం మరీ బిగిస్తే కాగితం కోసుకుపోతుంది, వదులైతే ఫారం ఊగుతుంది. ఎంత బిగించాలన్నది నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. ఒక్కొక్కరి వేళ్లు పట్టుకుని లాగి చూపించాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె బుధవారం నాలుగు ఫారాలు కుట్టింది. నేను చూసి బాగుందన్నాను. ఆ పిల్ల పుస్తకాన్ని కంటి ఎత్తుకి లేపి, వెన్ను వైపు నుంచి చూసి, "వంకర పోయింది తాతా" అని కత్తెర తీసుకుని తన కుట్లు తనే కోసేసింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నాకు గొంతు పట్టేసింది. నేను పని నేర్చుకున్న రోజుల్లో మా మేస్త్రీ నా కుట్లు కోసేస్తే ఏడ్చాను. ఈ పిల్లకి ఎవరూ కోసివ్వాల్సిన పని లేకపోయింది.

శనివారానికి 57 పుస్తకాలయ్యాయి. సగం కూడా కాలేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది, చాలా రోజులకి. వచ్చేటప్పుడు ఒక దబ్బనం, మైనం ముద్ద ఆ పిల్ల చేతిలో పెట్టాను. జిగురు ఉడికించడం మేనకోడలికి నేర్పాను.

మూడు వారాలకి మేనకోడలి ఫోన్ నుంచి ఒక ఫోటో వచ్చింది. లావుపాటి పుస్తకం, కుట్లు తిన్నగా ఉన్నాయి. కింద ఆ పిల్ల గొంతుతో వాయిస్ మెసేజ్: "వెన్ను గుండ్రంగా రావాలంటే ఎట్ల చేయాల తాతా?"

ఫోన్‌లో చెబితే వచ్చే పని కాదది. సుత్తితో ఒక పక్క నుంచి మెల్లగా తడుతూ పోవాలి, పక్కన కూర్చుని చూపించాలి. అటక మీంచి నా చిన్న సుత్తి దింపి, పిడి తుడిచి సంచీలో పెట్టాను. టికెట్ వచ్చే శుక్రవారానికి.