రెండు స్కీమాటిక్‌లు ఒకటేనా? నెట్‌జెన్‌తో పోల్చి చూసిన నా అనుభవం

మా బృందం వాడుతున్న రెండంచెల ఆప్-యాంప్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను పెంచి ఇచ్చే సర్క్యూట్) స్కీమాటిక్, అంటే సర్క్యూట్ పటం, ఒక వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. లైసెన్సు పునరుద్ధరించకూడదని నిర్ణయించాక, దాన్నే ఎక్స్‌స్కీమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా గీయించారు. రెండూ ఒకే ప్రాసెస్‌కు (చిప్ తయారీ పద్ధతికి) సంబంధించినవి, అంటే గూగుల్, స్కైవాటర్ సంస్థలు 2020లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన 130 నానోమీటర్ల స్కై130. సిమ్యులేషన్ చేస్తే రెండింటి గెయిన్, ఫేజ్ వక్రాలు దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి కాబట్టి ఇక పోల్చవలసింది లేదని కొందరన్నారు. వక్రాలు కలిశాయంటే మనం పెట్టిన పరీక్షల్లో తేడా బయటపడలేదని మాత్రమే అర్థమని నా వాదన. అందువల్ల పోల్చే పని నాకే అప్పగించారు.

ఇందుకు నేను ఎంచుకున్నది నెట్‌జెన్. కాల్టెక్‌లో మాసిమో సివిలోట్టి మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంను ఇప్పుడు టిమ్ ఎడ్వర్డ్స్ నిర్వహిస్తున్నారు. సాధారణంగా దీన్ని లేఅవుట్‌ను (చిప్ మీద పరికరాల అమరికను) స్కీమాటిక్‌తో పోల్చడానికి వాడతారు గానీ, దానికి కావలసింది రెండు స్పైస్ నెట్‌లిస్ట్‌లు (ఏ పరికరం ఏ నెట్‌కు, అంటే ఏ తీగకు తగిలిందో రాసిన జాబితాలు) మాత్రమే. అవి ఎక్కడినుంచి వచ్చాయన్నది దానికి అనవసరం. లోపలి నెట్‌ల, ట్రాన్సిస్టర్ల పేర్లను అది నమ్ముకోదు. పేరు తెలియని మనిషిని ఊళ్ళో ఫలానావారి అల్లుడు, ఫలానావారి తోడల్లుడు అంటూ బంధుత్వాలతో గుర్తుపట్టినట్టు, ప్రతి నెట్‌నూ దానికి తగిలిన పరికరాలను బట్టి, ప్రతి పరికరాన్నీ దానికి తగిలిన నెట్‌లను బట్టి వర్గాలుగా విడదీస్తూ పోతుంది. ప్రతి వర్గంలోనూ అటొకటి ఇటొకటి మిగిలితే సర్క్యూట్లు సరిపోయినట్టే.

మొదటిసారి నడిపినప్పుడు వచ్చిన నివేదిక చూస్తే రెండింటికీ సంబంధమే లేదనిపించింది. నిజానికి వాటిలో అధికభాగం రాతలోని తేడాలే. పాత నెట్‌లిస్ట్‌లో ట్రాన్సిస్టర్ మోడళ్ళకు వేరే పొట్టి పేర్లున్నాయి. వెడల్పును పాతది 2u అని రాస్తే, కొత్తది ఉత్త 2 అని రాస్తుంది, ఎందుకంటే స్కై130 మోడళ్ళు కొలతలను మైక్రాన్లలోనే తీసుకుంటాయి. సరఫరా నెట్‌లు పాతదాంట్లో గ్లోబల్‌గా, కొత్తదాంట్లో పిన్‌లుగా ఉన్నాయి. వీటన్నింటినీ సెడ్ (ఫైల్లోని రాతను మార్చే సాధనం)తో రాసిన ఒక చిన్న స్క్రిప్ట్‌తో సవరించాను. అసలు ఫైలును చేత్తో దిద్దితే ఏది మార్చామో తర్వాత ఎవరికీ తెలియదు కనుక స్క్రిప్టే మేలు.

కొన్ని తేడాలను మాత్రం సవరించకుండా సాఫ్ట్‌వేర్‌కే వదిలేశాను. పాతదాంట్లో గుణకం 4 అని రాసిన ఒకే ట్రాన్సిస్టర్, కొత్తదాంట్లో పక్కపక్కన నాలుగు ట్రాన్సిస్టర్లుగా ఉంది. స్కై130తో వచ్చే సెటప్ ఫైలు (ఎలా పోల్చాలో నెట్‌జెన్‌కు చెప్పేది) ఇలాంటి సమాంతర పరికరాల వెడల్పులను కలుపుతుంది, ట్రాన్సిస్టర్ రెండు కొసలైన సోర్స్, డ్రెయిన్ తారుమారైతే పట్టించుకోదు, వెడల్పు, పొడవుల్లో 1 శాతం వరకు తేడాను సహిస్తుంది.

ఇవన్నీ సర్దుకున్నాక మిగిలినదే అసలు తేడా. నెట్‌జెన్ నివేదికలో సరిపోలని నెట్‌లు ఎడమా కుడీ పక్కపక్కన వస్తాయి, వాటి కింద ఏ రకం పరికరపు ఏ కాలు ఎన్నిసార్లు తగిలిందో ఉంటుంది. ఒక తప్పు చుట్టుపక్కల నెట్‌లన్నిటినీ వేరుచేసి చూపుతుంది కాబట్టి, పెద్ద నెట్‌లను పక్కనపెట్టి తక్కువ కనెక్షన్లున్న నెట్‌తో మొదలుపెట్టడం మంచిది. ఇన్‌పుట్ పి-మాస్ ట్రాన్సిస్టర్ల జంట సోర్స్‌లు కలిసే టెయిల్ నెట్‌ను చూస్తే, పాతదాంట్లో ఆ జంట బల్క్ కాళ్ళు (ట్రాన్సిస్టర్ కూర్చున్న సిలికాన్‌కు తగిలేవి) రెండూ దానికే తగిలి ఉన్నాయి. కొత్తదాంట్లో అవి అక్కడ లేవు, సరిగ్గా ఆ రెండే సరఫరా నెట్‌లో అదనంగా కనబడ్డాయి. బల్క్‌ను సరఫరాకు కలిపితే, సోర్స్‌కు బల్క్‌కు మధ్య వచ్చే వోల్టేజీ (బాడీ ఎఫెక్ట్) వల్ల థ్రెషోల్డ్, అంటే ట్రాన్సిస్టర్ ఆన్ కావడానికి కావలసిన వోల్టేజీ, పెరిగి ఇన్‌పుట్ కామన్-మోడ్ పరిధి (రెండు ఇన్‌పుట్‌లూ కలిసి ఉండగలిగే వోల్టేజీల పరిధి) పై హద్దు కిందికి దిగుతుంది. మేము సిమ్యులేట్ చేసినది మధ్య వోల్టేజీ దగ్గర మాత్రమే, అక్కడ ఇది కంటికి ఆనదు. లేఅవుట్‌లో ఆ జంటకు విడిగా ఎన్-వెల్ (పి-మాస్‌లు కూర్చునే సిలికాన్ భాగం) ఉంది కనుక పాత కనెక్షనే సరైనదని తేల్చి, కొత్త స్కీమాటిక్‌ను మార్పించాం.

తర్వాత పోలికనే పరీక్షించాను. కొత్త నెట్‌లిస్ట్ నకలు తీసుకుని ప్లస్, మైనస్ ఇన్‌పుట్ పిన్‌ల పేర్లను కావాలని తారుమారు చేశాను. పరికరాలు, నెట్‌లు అన్నీ సరిపోయి, పైస్థాయి పిన్‌ల దగ్గర మాత్రమే పోలిక విఫలమైంది. అంటే ఈ పొరపాటుకు అడ్డుపడేది పిన్ పేర్లొక్కటే. నివేదికలో పిన్‌ల వరుసను చూడకుండా పైపైన చదివేవారికి ఫీడ్‌బ్యాక్ తలకిందులైన ఆప్-యాంప్ కూడా సరైనదిగానే కనిపిస్తుంది. ఒక వెడల్పును 5 శాతం పెంచితే ప్రాపర్టీ తేడా అని చెప్పింది.

మిగిలింది సెటప్ ఫైలు పోలికనుంచి తొలగించే గుణాల సంగతి. ఫింగర్ల సంఖ్య (ఒక ట్రాన్సిస్టర్ వెడల్పును ఎన్ని సమాంతర ముక్కలుగా విడదీశారన్నది) వాటిలో ఒకటి, కనుక దానిపై నెట్‌జెన్ ఏమీ చెప్పదు. విడిగా ఒక పైథాన్ స్క్రిప్ట్‌తో ఆ సంఖ్యలను పోల్చితే, కరెంట్ మిర్రర్‌లో (ఒక కరెంట్‌కు మరోచోట నకలు తీసే భాగంలో) ఒక ట్రాన్సిస్టర్ మొత్తం వెడల్పు సమానమే అయినా పాతదాంట్లో 4 ఫింగర్లు, కొత్తదాంట్లో 2 ఉన్నాయని తేలింది. మిర్రర్‌లో రెండు పక్కలా ఒకే ఫింగర్ కొలత లేకపోతే కరెంట్ నిష్పత్తి చెదురుతుంది కాబట్టి దాన్నీ 4కు మార్పించాను. చివరి నివేదికలో 'సర్క్యూట్స్ మ్యాచ్ యునీక్లీ' (సర్క్యూట్లు ఒకే విధంగా, సందేహం లేకుండా సరిపోయాయి) అని వచ్చింది. ఆ నివేదికను, సెటప్ ఫైలును, రెండు స్క్రిప్ట్‌లను కొత్త స్కీమాటిక్‌తో కలిపి గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్‌లో) భద్రపరిచాం.