సలేశ్వరం వెళ్లేవాళ్లకు

నల్లమల లోయలోని సలేశ్వరం లింగమయ్య గుహకు దారి తెరిచేది చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్ది రోజులే. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది కాబట్టి మిగతా ఏడాదంతా దారి మూసే ఉంటుంది. అనుమతించే రోజులు ఏటా మారతాయి, అటవీశాఖ ప్రకటన చూశాకే బయల్దేరండి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక ఫర్హాబాద్ దగ్గర అడవిలోకి మళ్లాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి మీదుగా పోయే శ్రీశైలం రోడ్డు మూసేస్తారు. అందుకే ముందురోజే మన్ననూరు చేరడం మేలు. మట్టిదారిలో బండి ఆగిన చోటు నుంచి నడక సుమారు 5 కిలోమీటర్లు.

చాలామంది పొరబడేది ఇక్కడే. పోయేటప్పుడు దిగుడు కాబట్టి సులువనిపిస్తుంది. అసలు కష్టం తిరుగు ఎక్కుడులో, అదీ ఏప్రిల్ మిట్టమధ్యాహ్నపు ఎండలో. ఊపిరాడక కూలబడేది అక్కడే. వీలైనంత పొద్దున్నే దిగి, ఎండ ముదరకముందే పైకి రండి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలువి తీసుకెళ్లండి. చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లే నయం. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు దిగకపోవడమే మంచిది.

కింద నీటి గుండం దగ్గర బండలు నాచుపట్టి ఉంటాయి. గుహ ముందు చోటు చాలా ఇరుకు, తోసుకోకండి. పూజారులు చెంచులే, వాళ్లు చెప్పినట్టు నడుచుకోండి. దారిలో “వస్తున్నాం లింగమయ్యా” అన్న కేక వినబడితే, మీరూ గొంతు కలపండి. ఎండుటాకుల మధ్య అగ్గిపుల్ల మాత్రం గీయొద్దు.