గేరు పడుతోంది, బోటు పోవట్లేదు

నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా. మధ్యాహ్నం వచ్చిన మెకానిక్ మాటలు చెవుల్లోంచి పోవట్లేదు. "గేర్‌బాక్స్ పోయిందన్నా. విప్పి ఫుల్‌గా చేయాల్సిందే. అరవై వేలకు తక్కువ కాదు." అప్పటికి అతను ఇంజన్ మీది పలక కూడా ఎత్తలేదు. ఒడ్డున నిలబడి, ఫోన్ మాట్లాడుతూనే బోటు వైపు ఒకసారి తల తిప్పి చూసి చెప్పేశాడు.

నిన్న సాయంత్రం మా మరిది జనాన్ని ఎక్కించుకుని కృష్ణ మీద సోమశిల ఒడ్డు వదిలి కొంచెం దూరం పోగానే ఇంజన్ అరవడం మొదలైందట. రేజ్ చేస్తే మోత పెరుగుతోంది కానీ బోటు ముందుకు లాగట్లేదు. రివర్స్ వేస్తే మాత్రం బాగానే లాగింది. అట్లాగే వెనక్కి వెనక్కి తెచ్చి జనాన్ని దింపేశాడు. అప్పటినుంచి అత్తమ్మ సోమేశ్వరుడికి మొక్కుతూనే ఉంది.

ఇదే విషయం మెకానిక్‌కు చెప్పి, "రివర్స్ మంచిగానే పడుతోంది కదా, ముందు గేరు వేసే కేబుల్ ఏమన్నా చూస్తారా?" అని అడిగాను. అతను నా వైపు చూడలేదు. ఈయన వైపు తిరిగి, "అక్కకు ఇవన్నీ చెప్తే అర్థం కావులే అన్నా" అన్నాడు. ఈయన ఊరుకున్నారు. ఊరుకోవడమే కాదు, అవునన్నట్టు తల కూడా ఊపారు. రాను పోను ఖర్చులంటే డబ్బులిచ్చి పంపారు. అన్నం పెట్టేటప్పుడు కూడా నేను మాట్లాడలేదు.

అరవై వేలు ఎక్కువా తక్కువా అన్నది కాదు నా బాధ. చూడకుండా చెప్పడం. రివర్స్ పడుతోందన్న ఒక్క మాటతోనే సగం అనుమానాలు తీరిపోతాయి. మాది పాత వెల్వెట్ డ్రైవ్ గేర్‌బాక్స్. దాంట్లో ముందుకైనా వెనక్కైనా క్లచ్‌ను నొక్కేది ఆయిల్ ప్రెషరే, ఆ ప్రెషర్ ఇచ్చే పంపు ఒక్కటే. పంపు చచ్చిపోతే రెండు వైపులా జారాలి. ఇంజన్ ఫ్లైవీల్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య స్ప్రింగులున్న డ్యాంపర్ ప్లేటు ఒకటి ఉంటుంది. అది అరిగితే ఐడిల్‌లో గలగలమంటుంది, రేజ్ చేస్తే ఆ చప్పుడు పోతుంది. పూర్తిగా విరిగితే ఇంజన్ తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు ఏ గేరులోనూ తిరగదు. మాకు ఆ గలగల లేదు, రివర్స్‌లో షాఫ్టు తిరుగుతోంది. ఇక మిగిలినవి ముందు గేరు క్లచ్, దాన్ని వేసే లివర్, స్టీరింగ్ దగ్గరి నుంచి ఆ లివర్‌ను కదిపే కేబుల్. వీటిలో బయట ఉన్నదాన్ని ముందు చూడాలా, లోపల ఉన్నదాన్నా? బల్బు వెలగకపోతే ముందు స్విచ్ చూస్తాం కానీ గోడ పగలగొట్టం కదా.

ఇవన్నీ నాకు నాయిన దగ్గర వచ్చినవి. సాగర్‌లో హిల్ కాలనీలో ఉన్నప్పుడు ఆయన లాంచీల రిపేర్లకు పోయేవాడు. సెలవు రోజుల్లో టార్చి పట్టుకోవడానికి నన్ను తీసుకుపోయేవాడు. తమ్ముడికి డీజిల్ వాసన పడేది కాదు. ఒకసారి ఒక లాంచీ ఇట్లాగే ముందుకు కదలట్లేదని పిలిచారు. నాగార్జునకొండ చూడటానికి వచ్చిన జనం ఒడ్డున సంచులు పెట్టుకుని కూర్చున్నారు. గేర్‌బాక్స్ విప్పుదామని అక్కడి పిల్లలు అప్పటికే స్పానర్లు పరిచి పెట్టుకున్నారు. నాయిన వాళ్లను ఏమీ అనలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, గేర్‌బాక్స్‌ను షాఫ్టుతో కలిపే కప్లింగ్ మీద గీత గీశాడు. చేతులు దూరం పెట్టించి, ఇంజన్ ఐడిల్‌లో ముందు గేరు వేయమన్నాడు. "టార్చి కదిలించకు బిడ్డా, గీతనే చూడు, తిరుగుతుందా?" అన్నాడు. ఆ గీత కనపడకుండా గిర్రున తిరిగింది. నాకు ఎంత సంబరమంటే, తిరుగుతోంది తిరుగుతోంది అని అరిచాను. "అయితే గేర్‌బాక్స్ దాని పని అది చేస్తోంది, నొప్పి బయట ఉంది" అని ఇంజన్ ఆపించి, చొక్కా విప్పి నీళ్లలోకి దిగాడు. ప్రొపెల్లర్‌కు పాత చేపల వల ఇంత లావున చుట్టుకుని ఉంది. కొడవలి అడిగి తీసుకుని, మునుగుతూ లేస్తూ చాలాసేపు కోశాడు. పైకి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. లాంచీ ఆయన చేతిలో నోట్లు పెడితే, విప్పింది ఏమీ లేదని సగం తిరిగి ఇచ్చేశాడు. ఇంటికొచ్చాక అమ్మ తిట్టింది, నీళ్లలో దిగినందుకు కాదు, సగం ఇచ్చినందుకు. ఆ తిట్లలో న్యాయం ఉందని ఇప్పుడనిపిస్తుంది. నెలాఖరు అది.

సరే, మా బోటు సంగతి. సాయంత్రం ఈయన కొల్లాపూర్ పోయాక నేనూ మరిదీ దిగాం. బోటును మోకుతో ఒడ్డున స్తంభానికి గట్టిగా కట్టాం. ఇంజన్ ఆపి ఉండగానే అతను స్టీరింగ్ దగ్గర ముందు గేరు వేశాడు, నేను గేర్‌బాక్స్ మీది లివర్‌ను చూశాను. అది సగమే వచ్చి ఆగిపోయింది. అక్కడ లోపల స్ప్రింగుతో ఒక గోలీ ఉంటుంది. గేరు పూర్తిగా పడితే ఆ గోలీ గాట్లో కూర్చుంటుంది. అది కూర్చోకపోతే క్లచ్‌కు పూర్తి ప్రెషర్ అందదు. కేబుల్ పై గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు వదులై, ముందు గేరు వేసినప్పుడల్లా గొట్టమే జారుతోంది. కేబుల్ ఊడదీసి లివర్‌ను చేత్తో తోశాను. టక్కున కూర్చుంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో చూస్తే మోకు బిగుసుకుంది. "వదినా, లాగుతోంది!" అన్నాడు మరిది.

ఇక్కడిదాకా రాసి, ఈయన లేచాక ఏమనాలో కూడా అనుకున్నాను. కానీ ఇంకోటి గుర్తొస్తోంది. ఇంజన్ ఆపగానే, వేడి మీద ఉండగానే ఆయిల్ పుల్ల తీసి చూశాను. లెవెల్ సరిగ్గానే ఉంది. పాలలాగా తెల్లగా అయితే లేదు, అంటే కూలర్‌లోంచి నీళ్లు రావట్లేదు. ఎర్రగా ఉండాల్సిన రంగు మాత్రం నల్లబడింది. మాడిన వాసన కూడా కొంచెం ఉంది. సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు మరిది. లివర్ సగంలో ఉండి ఎన్ని రోజులు జారిందో ఎవరికి తెలుసు? జారిన క్లచ్ మాడుతుంది. ఐడిల్‌లో మోకు బిగించినంత మాత్రాన జనం ఎక్కి, రేజ్ చేసి, ఎదురుగాలిలో పోయేటప్పుడు పట్టు నిలుస్తుందని కాదు. అంటే ఆ మెకానిక్ అన్నట్టు గేర్‌బాక్స్ విప్పాల్సి రావచ్చు కూడా.

అయినా అతను చెప్పింది సరైపోదు. ఆ క్లాంపు చూడకుండా కొత్త క్లచ్ ప్లేట్లు వేస్తే అవి కూడా అట్లాగే మాడతాయి. మళ్లీ అరవై వేలు. అప్పుడు బోటే మంచిది కాదంటారు. ఈయన ఇప్పటికే అంటున్నారు, ఎట్లాగూ సోమశిల దగ్గర తీగల వంతెన 2022లోనే మంజూరైంది, అది వచ్చాక ఎవరెక్కుతారు, అమ్మేద్దామని. వంతెన రావాలి, మంచిదే. కాన్పుకు పోయేవాళ్లకు, బడి పిల్లలకు రావాల్సిందే. నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు చూసిపోదామని వచ్చేవాళ్లు అప్పుడూ ఉంటారు కదా అని నా ఆశ. అమ్మినా సరే, జారే గేరుతో ఇంకొకరి చేతిలో పెట్టను.

రేపు కొత్త క్లాంపు, కేబుల్ వేయిస్తాం. పాత ఆయిల్ తెల్ల గుడ్డ మీద వడగట్టి చూస్తాను, క్లచ్ పొట్టు ఏమన్నా వస్తుందేమో. కొత్త ఆయిల్ పోసి, గేర్‌బాక్స్‌కు ప్రెషర్ గేజ్ పెట్టించి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి రెండు గేర్లలోనూ చూడాలి. అప్పటికీ ముందుకు జారితే విప్పిద్దాం, కానీ ఇంకో మెకానిక్‌తో. అప్పటిదాకా జనాన్ని ఎక్కించొద్దని మరిదికి గట్టిగా చెప్పాను.

ఈయనకు పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు ఆ తల ఊపడం గురించి అడుగుతాను.