పదమూడు గొట్టాల లాలాజలం: నా అనుభవం

ఇరవై రెండేళ్లుగా విశాఖపట్నంలో గాజువాక అవతల ఉన్న ఒక కర్మాగారంలో మూడు షిఫ్టులలోనూ పనిచేస్తున్నాను. రాత్రంతా పనిచేసే సి షిఫ్టు వారం ముగిశాక రాత్రి పదింటికే పడుకున్నా ఒంటిగంట దాటేదాకా నిద్ర పట్టకపోవడాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకున్నాను. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాపై పరిశోధన చేస్తున్న మా మేనకోడలు మాత్రం ఊరుకోలేదు. "మావయ్యా, ముందు మీ మెలటోనిన్ ఎన్నింటికి మొదలవుతుందో కొలుద్దాం" అంది.

చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి విడుదల చేసే, శరీరానికి రాత్రయిందని తెలిపే ఈ హార్మోనును 1958లో ఏరన్ లెర్నర్ బృందం పశువుల గ్రంథుల నుంచి వేరుచేసింది. ప్రకాశవంతమైన వెలుతురు మనిషిలో దానిని అణచివేస్తుందని 1980లో తేలింది. ఆ వెలుతురు కబురును మెదడులో నిద్ర, మెలకువల వేళలు నడిపే గడియారానికి చేరవేసే రెటీనాలోని గాంగ్లియన్ కణాలు కొన్ని, మెలనాప్సిన్ అనే వర్ణకం వల్ల, చూపునిచ్చే రాడ్లు, కోన్లు అనే కణాలు లేకపోయినా తమంతట తామే వెలుతురును పసిగట్టగలవని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. ఇవి 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురుకు బాగా స్పందిస్తాయి. రెటీనా తన సొంత గడియారంతో తానూ మెలటోనిన్ తయారుచేసుకుంటుందని చెప్పినప్పుడు, అయితే నా కంటిలోది కూడా కొలుస్తావా అని అడిగాను. అది కంటి అవసరాలకే కంటిలోనే ఖర్చవుతుందని, ఉమ్మిలో కనబడేది పీనియల్ గ్రంథి పంపినదేనని ఆమె నవ్వుతూ చెప్పింది.

పని వినడానికి తేలిక. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి పన్నెండు దాకా అరగంటకొకసారి, మొత్తం పదమూడు గొట్టాలలో లాలాజలం పట్టాలి. ఆ రోజు అరటిపండు, చాక్లెట్, కాఫీ, నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ నిషిద్ధం. గదిలో వెలుతురు 10 లక్స్ దాటకూడదు. మా హాల్లో ఎర్ర జీరో బల్బు వేసి చూస్తే ఆమె తెచ్చిన మీటరు 4 చూపించింది. అసలు కష్టం గొట్టంతో వచ్చింది. నురగ లెక్కలోకి రాదు, ద్రవం గీత దాకా నిండాలి. తొమ్మిది దాటేసరికి నోరెండిపోయి, ఆవకాయ జాడీని తలుచుకుంటేనే కాస్త ఊరేది. నింపిన ప్రతి గొట్టాన్నీ మూత బిగించి, సమయం రాసి, థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య నిలబెట్టేవాడిని.

మొదటి శనివారం మొత్తం వృథా అయింది. తొమ్మిదిన్నరకు పక్కింటాయన కూతురి పెళ్లి శుభలేఖ తీసుకొని వచ్చారు. ఆయన్ను చీకట్లో కూర్చోబెట్టడం మర్యాద కాదని మా ఆవిడ ట్యూబ్‌లైటు వేసింది. అరగంట సేపు కేటరింగ్ గురించి మాట్లాడుకున్నాం. తప్పు ఆవిడది కాదు, ముందే చెప్పకపోవడం నాది. మేనకోడలు ఫోనులో ఒక్క క్షణం మౌనంగా ఉండి, "వచ్చే శనివారం మళ్లీ మొదటినుంచి చేద్దాం మావయ్యా" అంది.

రెండోసారి తలుపు వేసుకొని కూర్చున్నాం. గొట్టాలు ఆమె ప్రయోగశాలకు వెళ్లాయి. మెలటోనిన్ మిల్లీలీటరుకు 3 పికోగ్రాములు దాటిన సమయాన్ని మొదలుగా లెక్కిస్తారు, నిద్ర సాధారణంగా ఆ తరువాత రెండు గంటలకు వస్తుంది. నాకది పదిన్నరకూ పదకొండుకూ మధ్య దాటింది. అంటే నేను పది గంటలకు మంచం ఎక్కేసరికి నా శరీరానికి ఇంకా సాయంత్రమే. ఇన్నేళ్లూ ఒంటిగంట దాకా నిద్ర ఎందుకు పట్టలేదో ఆ ఒక్క ఫలితంతో అర్థమైపోయింది.

సి షిఫ్టు వారంలో మాత్రం చిక్కు మరో వైపు నుంచి వస్తోందని ఆమె చెప్పింది. ఆరింటికి పని ముగించుకొని ఈశాన్యంగా బండి మీద వస్తుంటే, వేసవిలో అప్పటికే పైకి లేచిన ఎండ నేరుగా మొహాన కొడుతుంది. పగలు నిద్రపోవాల్సిన వాడి గడియారాన్ని అది మళ్లీ పగటి వైపే లాగుతుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకోమంది గానీ, రాత్రంతా మేలుకున్న కళ్లకు అద్దాలు కూడా తగిలించి బండి నడపడం నాకు భయమేసింది. అందుకని ఆ వారం బస్సులో, నీడ వైపు సీటులో, అద్దాలు పెట్టుకొని వస్తున్నాను. పడుకొనే గది కిటికీకి మందమైన దుప్పటి కట్టాను. నిద్ర ఇదివరకటి కన్నా గంటసేపు ఎక్కువే పడుతోంది, కానీ దానికి దుప్పటి కారణమో బస్సు కారణమో విడదీయలేనని మేనకోడలే అంటోంది.

వచ్చే నెల సి షిఫ్టు ముగిశాక మళ్లీ పదమూడు గొట్టాలు నింపాలి. ఈసారి బయటినుంచి తాళం వేసి తాను పక్కింట్లో కూర్చుంటానని మా ఆవిడ ఇప్పటికే చెప్పేసింది.